ఉన్నట్టుండి ఒక కన్ను కనిపించకపోతే: కణత ధమని వాపు జబ్బుపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కంటి ఆసుపత్రిలో ఆప్టోమెట్రిస్టును. చూపు కొలవడం, చుక్కల మందు వేయడం, డాక్టరుగారి గదిలోకి పంపడం నా పని. బయటికొచ్చాక మాత్రం పేషెంటుతో వచ్చిన అబ్బాయో కోడలో మళ్లీ నా బల్ల దగ్గరికే వస్తారు. "లోపల ఏం చెప్పారో సరిగ్గా అర్థం కాలేదండీ" అంటారు. కణత ధమని వాపు జబ్బు, అంటే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ విషయంలో ఇది మరీ ఎక్కువ. పేరు నోరు తిరగదు. జబ్బు రక్తనాళాల్లో ఉంటుంది, పోయేది చూపు, ఇచ్చేది స్టెరాయిడు. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే వాళ్ల మాటల్లోనే రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఇప్పుడే చూపు పోయి ఉంటే మాత్రం ఇది పక్కనపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి.

## చూపు ఇంకా ఉన్నప్పుడు

అమ్మకు 70 ఏళ్లు. ఎప్పుడూ లేనిది నెల రోజులుగా తలనొప్పి అంటోంది. కళ్లజోడు నంబరు మారిందేమో?

నంబరు మారితే వచ్చే నొప్పి పేపరో ఫోనో చూస్తున్నప్పుడు వస్తుంది, కళ్లు మూసుకుని కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. 50 దాటినవాళ్లకు, అందులోనూ 70 దగ్గరపడినవాళ్లకు, ఎన్నడూ లేని తలనొప్పి కొత్తగా మొదలైతే దాన్ని కళ్లజోడు ఖాతాలో వేయకండి. నొప్పి ఎంత ఉందో తర్వాత అడగొచ్చు, ముందు తల ముట్టుకోనిస్తారేమో చూడండి. దువ్వెన తగిలితే మాడు మంటెత్తుతుంది. ఆ పక్కకు తిరిగి దిండు మీద పడుకోలేరు. కణత దగ్గర ధమని తాడులా గట్టిపడి చేతికి తగులుతుంది, కొందరికి అక్కడ నాడి కొట్టుకోవడం కూడా ఆగిపోతుంది. 1890లో ఇంగ్లండు వైద్యుడు జొనాథన్ హచిన్‌సన్ వర్ణించిన ముసలాయనకు తల మీద ఎర్రటి చారలు తేలి టోపీ పెట్టుకోవడమే కష్టమైందట. మన దగ్గర టోపీ మాట ఎవరూ ఎత్తరు. "మా అమ్మ జడ వేయనివ్వడం లేదండీ" అని కూతుళ్లు చెబుతారు. ఆ మాట చెవిన పడితే నేను అక్షరాల చార్టు పక్కనపెట్టి డాక్టరుగారిని పిలుస్తాను.

నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ నొప్పి పుడుతోంది. పళ్ల డాక్టరు ఏమీ లేదన్నారు. దీనికీ కంటికీ సంబంధం ఏమిటి?

చాలా దగ్గరి సంబంధం ఉంది. పంటి నొప్పి చల్లటిదో తియ్యటిదో తగిలితే జివ్వుమంటుంది. ఇది అలా ఉండదు. మొదటి ముద్ద బాగానే దిగుతుంది. నమిలేకొద్దీ దవడ కండ అలసిపోయి పట్టేస్తుంది, నమలడం ఆపితే కాసేపట్లో సర్దుకుంటుంది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ వస్తుంది. నమిలే కండకు రక్తం తీసుకెళ్లే ధమని లోపలి గోడ వాచి దారి సన్నబడితే జరిగేది ఇదే. అదే వాపు కంటికి వెళ్లే ధమనుల్లోకి ఎప్పుడైనా దిగవచ్చు. ఈ జబ్బు లక్షణాలన్నిటిలో డాక్టర్లు ఎక్కువ బరువిచ్చేవాటిలో ఇదొకటి.

మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ జొన్నరొట్టె తినడం మానేసి రెండు నెలలైంది. మొదట రొట్టెను పాలలో నానబెట్టుకుంది, తర్వాత జావకు దిగింది. వయసు పైబడింది కదా అనుకున్నారు ఇంట్లోవాళ్లు. ఒక పన్ను కూడా తీయించారు. ఎడమ కన్ను పోయాక మా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు, "ఏం తింటున్నావమ్మా?" అని అడిగితే బయటపడిన సంగతి ఇది. అంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఒక కంటికి తెర దిగినట్టు అయింది. అయిదు నిమిషాల్లో మళ్లీ మామూలుగా కనిపించింది. వచ్చేసింది కదా, రెండు రోజులు చూద్దామా?

వద్దు. తిరిగొచ్చిన చూపు ఊరట కాదు, హెచ్చరిక. కంటికి వెళ్లే రక్తం కాసేపు ఆగి మళ్లీ అందిందన్న మాట. ఈ రక్తనాళాల జబ్బులో చూపు పూర్తిగా పోవడానికి కొన్ని గంటల ముందో కొన్ని రోజుల ముందో ఇలా జరుగుతుంది. మెడలోని ధమనిలో కొవ్వు పేరుకున్నవాళ్లకూ, గుండె లయ తప్పినవాళ్లకూ ఇలాగే అవుతుంది. వాళ్లకు అది పక్షవాతానికి ముందస్తు సూచన. కారణం ఏదైనా అదే రోజు చూపించుకోవాలి. చూపించుకునే వేళకు చూపు మామూలుగానే ఉంటుంది, చార్టు అంతా గడగడా చదివేస్తారు. అందుకే "ఇంత సేపు పోయింది, ఈ కన్నే, ఇన్నిసార్లు" అని నోటితో చెప్పడం మర్చిపోవద్దు.

ఒకటి రెండుగా కనిపిస్తోంది. ఇదీ ఆ జబ్బేనా?

కావచ్చు. కంటిని తిప్పే కండరాలకో, వాటి నరాలకో రక్తం తగ్గితే వస్తువులు జంటగా కనిపిస్తాయి. షుగరు ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. 50 దాటినవాళ్లకు కొత్తగా వస్తే, షుగరు ఉన్నా సరే, ఒంట్లో వాపును పట్టిచ్చే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ చేయించడం మంచిది.

పొద్దున లేవగానే భుజాలు, తొడలు పట్టేసి చెయ్యి పైకెత్తలేకపోతున్నాను. కంటి డాక్టరు ఇది ఎందుకు అడిగారు?

పాలీమయాల్జియా రుమాటికా అనే జబ్బు ఇలాగే ఉంటుంది. రవిక తొడుక్కోవడం, మంచం మీద నుంచి లేవడం పొద్దునపూట గగనమవుతుంది, పొద్దెక్కేకొద్దీ సడలుతుంది. జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఇది కూడా ఉంటుంది. మోకాళ్ల అరుగుదలతో కలిపేసి ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లున్నారు. దీంతోపాటు లోజ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం ఉంటే డాక్టరుకు వరసగా అన్నీ చెప్పండి.

అమ్మ హైదరాబాద్‌లో, నేను డల్లాస్‌లో. "ఏదో తలనొప్పిలే నాన్నా" అని దాటేస్తుంది. ఫోన్లో ఎలా కనిపెట్టను?

"బాగున్నావా అమ్మా?" అంటే బాగున్నాననే అంటుంది. పనుల గురించి అడగండి. తల దువ్వుకుంటే నొప్పా? అన్నం నమిలితే దవడ లాగుతోందా? ఏ పక్కకు తిరిగి పడుకుంటోంది? పొద్దున జాకెట్టు వేసుకోవడానికి సాయం కావలసి వస్తోందా? ఆ తర్వాత వీడియో కాల్‌లో ఒక్కో కన్ను అరచేత్తో మూయించి గోడ మీద క్యాలెండర్ చదివించండి. రెండు కళ్లూ తెరిచి ఉంటే మంచి కన్ను రెండో దాని లోటు కప్పేస్తుంది. కొందరికి చూపు పోయి వారమైనా తెలియదు, ఎప్పుడో కంట్లో నలక పడి ఒక కన్ను నలుపుకున్నప్పుడు బయటపడుతుంది. జవాబుల్లో ఏది తేడాగా అనిపించినా ఇక్కడున్న బంధువును ఆ పూటే వెంటబెట్టి పంపండి.

## చూపు పోయిన రోజు

పొద్దున లేచేసరికి ఒక కన్ను కనిపించడం లేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. శుక్లమేనా?

శుక్లం రాత్రికి రాత్రి రాదు. అది నెలలు, ఏళ్లు తీసుకుని మసక తెస్తుంది. నొప్పి లేకుండా, ఎర్రబడకుండా, కొద్ది గంటల్లో ఒక కంటి చూపు పోయిందంటే కంటి వెనక రక్తం ఆగి ఉండవచ్చు, కంటి లోపలి వెనక పొర (రెటీనా) ఊడి ఉండవచ్చు, కంట్లోపల రక్తం చిమ్మి ఉండవచ్చు. ఏదీ ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు. నొప్పి ఉంటే వెంటనే పరిగెత్తేవాళ్లు నొప్పి లేదని ఆగిపోతారు. ఈ జబ్బులో నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

ఇవాళ శనివారం సాయంత్రం. సోమవారం ఓపీకి వెళితే సరిపోదా?

సరిపోదు. మందు పడకపోతే సగం మంది దాకా రెండో కంటి చూపు కూడా కోల్పోతారు, అదీ కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లోనే. ఒక పెద్దాయన శనివారం మధ్యాహ్నం కుడి కన్ను పోతే కొడుకు వచ్చేదాకా ఆగి సోమవారం వచ్చారు. ఆదివారం రాత్రే ఎడమ కన్ను కూడా మసకబారింది. మా మెట్లు ఆయన తడుముకుంటూ ఎక్కారు. రాత్రయినా సరే క్యాజువాలిటీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. కంటి డాక్టరు అందుబాటులో లేకపోయినా ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు రక్తపరీక్షకు పంపి స్టెరాయిడు మొదటి మోతాదు వేయగలరు.

హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి, రుమటాలజీ (కీళ్లు, రక్తనాళాల వాపు జబ్బులు చూసే) విభాగమున్న నిమ్స్, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, కేజీహెచ్ ఇలాంటి కేసులు చూసే చోట్లు. మీ ఊరి నుంచి అవి ఆరు గంటల దూరమైతే ముందు దగ్గరి ఆసుపత్రిలో మందు మొదలుపెట్టించుకుని ఆ తర్వాత ప్రయాణం పెట్టుకోండి.

డాక్టరు గదిలోకి వెళ్లగానే ఏం చెప్పాలి?

చూపు ఎప్పుడు పోయింది, ఒక్కసారిగానా మెల్లగానా, ఏ కన్ను. వయసు. కొత్త తలనొప్పి, మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి, బరువు తగ్గడం, జ్వరం ఉన్నాయా. షుగరు, బీపీ, గుండె జబ్బు, పాత టీబీ. వేసుకుంటున్న మాత్రల పేర్లు గుర్తుండవు కాబట్టి అట్టలే సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. "ఇది జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ అయ్యే అవకాశం ఉందా సార్?" అని నేరుగా అడగడానికి మొహమాటపడకండి. అరుదైన జబ్బు కాబట్టి రద్దీ ఓపీలో తట్టకపోవచ్చు.

ఒకరు "కంటి నరం దెబ్బతింది" అన్నారు, ఇంకొకరు "రక్తనాళాల జబ్బు" అన్నారు. ఏది నమ్మాలి?

ఇద్దరూ ఒకటే చెప్పారు. చిక్కంతా మన మాటతోనే. తెలుగులో నరం అంటే రక్తం పారేదీ నరమే, మెదడుకు కబురు మోసేదీ నరమే. ఇంజెక్షన్ "నరానికి" వేస్తారు, "నరాల వీక్‌నెస్" అనీ అంటాం. ఇక్కడ రెండూ ఉన్నాయి. కంటి వెనక, కనిపించినదాన్ని మెదడుకు చేర్చే తీగ ఒకటుంది, అది ఆప్టిక్ నర్వ్. దాని మొదట్లో రక్తం పోసేవి వెంట్రుకల్లాంటి చిన్న ధమనులు. జబ్బు ధమనులది. వాటి గోడలు వాచి దారి మూసుకుపోతే, రక్తం అందక తీగ ఎండిపోతుంది. డాక్టరుగారు లెన్సు పెట్టి చూస్తే ఆ తీగ తల ఉబ్బి, సున్నం పూసినట్టు పాలిపోయి కనిపిస్తుంది. కొద్దిమందిలో తీగకు బదులు రెటీనాకు వెళ్లే ప్రధాన ధమనే మూసుకుపోతుంది. కంటి చుక్కల మందు ఈ ధమనులకు ఏమీ చేయలేదు, అందుకే మందు ఒంట్లోకి ఇస్తారు.

ఇదంతా షుగరు, బీపీ వల్లే కదా?

కంటి తీగకు రక్తం తగ్గి చూపు పోవడమనేది వాపు లేకుండా కూడా జరుగుతుంది. షుగరు, బీపీ ఉన్నవాళ్లలో నిద్ర లేచేసరికి కంటి కింది సగమో పై సగమో కనిపించకుండా పోయే రకం అది, మన దగ్గర ఎక్కువగా చూసేదీ అదే. దానికి ఈ స్టెరాయిడు హడావుడి ఉండదు. కానీ "షుగరు ఉంది కాబట్టి అదే" అని తేల్చేయడం ప్రమాదం. షుగరు ఉన్న మనిషికి ధమని వాపు రాకూడదని ఎక్కడా లేదు. 50 దాటిన పేషెంటైతే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ప్లేట్‌లెట్ల లెక్క చూశాకే ఆ మాట అనాలి.

నాకు 28 ఏళ్లు. నాకూ ఇదే జబ్బు వస్తుందా?

జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ 50 లోపువాళ్లకు రాదనే చెప్పాలి. మీ వయసులో వెతికేవి వేరు.

మొదటిది తకయాసు ఆర్టిరైటిస్. జపాన్ కంటి డాక్టరు మికిటో తకయాసు 1908లో ఒక యువతి కంట్లో రక్తనాళాలు దండలా చుట్టుకుపోయి ఉండడం చూసి వర్ణించాడు. అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనుల జబ్బు తొలిసారి కంట్లో దొరికింది. మన దేశంలో ఎక్కువగా 40 లోపు ఆడవాళ్లకు వస్తుంది. చేతి నాడి దొరకదు, రెండు చేతుల బీపీకీ తేడా ఉంటుంది, తల పైకెత్తితే కళ్లు చీకట్లు కమ్ముతాయి. "బీపీ మెషిన్ పనిచేయడం లేదు" అని నర్సు రెండోసారి మార్చిందంటే మెషిన్‌ను కాదు, చేతిని అనుమానించాలి.

కుర్రవాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో, ఈల్స్ జబ్బు కనిపిస్తుంది. రెటీనా సిరలు వాచి కంట్లోకి రక్తం చిమ్ముతుంది, నల్లటి దారాలు, మచ్చలు తేలుతుంటాయి. టీబీతో దీనికి సంబంధం ఉందని చాలాకాలంగా అనుకుంటున్నారు కాబట్టి ఆ పరీక్షలు చేయిస్తారు. ఇది చాలావరకు కంటికే పరిమితం. నోట్లోనూ మర్మాంగాల దగ్గరా పుండ్లు పదేపదే వస్తుంటే బెషెట్స్ జబ్బు, కీళ్ల నొప్పులు, ముఖం మీద ఎర్ర మచ్చలు, జుట్టు రాలడం ఉంటే లూపస్ అనుమానిస్తారు.

## పరీక్షలు

ఈఎస్ఆర్ 92 అని వచ్చింది. అంటే ఏమిటి? క్యాన్సరా?

ఈఎస్ఆర్ ఏ జబ్బు పేరూ చెప్పదు. గీతలున్న సన్నటి గాజు గొట్టంలో రక్తం నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు, అంతే. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే రక్తంలో కొన్ని ప్రోటీన్లు పెరిగి కణాలు రూపాయి బిళ్లల్లా దొంతరగా అతుక్కుంటాయి. బరువెక్కి తొందరగా దిగుతాయి. వయసుతో మామూలు విలువ కూడా పెరుగుతుంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి దానిలో సగం. 70 ఏళ్ల ఆవిడకు 40 దాకా మామూలే, 92 మామూలు కాదు. అది టీబీ వల్ల, ఇన్ఫెక్షన్ వల్ల, రక్తహీనత వల్ల, క్యాన్సర్ వల్ల కూడా పెరగవచ్చు. చూపు పోయిన మనిషిలో పెరిగిందంటే మాత్రం మొదట ధమని వాపు తలపుకు రావాలి. చిన్న టౌన్ ల్యాబుల్లో కూడా చేసే చవక పరీక్ష ఇది.

ఈఎస్ఆర్ నార్మల్ వచ్చింది. అయితే జబ్బు లేనట్టేనా?

లేదని చెప్పలేం. కొద్దిమందికి ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది. అందుకే సీఆర్‌పీ జతగా చేయిస్తారు, రెండూ కలిస్తే తప్పిపోయేవాళ్లు బాగా తగ్గుతారు. ప్లేట్‌లెట్లు పెరిగి ఉన్నా అనుమానం బలపడుతుంది. ఇంకో సంగతి. ఈ జబ్బుతో చూపు దెబ్బతిన్నవాళ్లలో అయిదుగురికి ఒకరికి తలనొప్పి, దవడ నొప్పి లాంటివేవీ ఉండవు, కన్ను ఒక్కటే చెబుతుంది.

కణత దగ్గర కోసి ముక్క తీస్తారట. తల ఆపరేషనా?

కాదు. తలలోపలికి ఎవరూ వెళ్లరు. చెవి ముందు నుంచి కణత మీదుగా చర్మం కిందనే పోయే ధమని అది. అక్కడ మాత్రమే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, కొద్దిగా జుట్టు తీసి, సెంటీమీటరు పైబడిన ముక్క తీసి కుట్లు వేస్తారు. మచ్చ జుట్టులో కలిసిపోతుంది. తలకు వేరే దారుల్లో రక్తం అందుతుంది కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు. తీసిన ముక్కను పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే వాచిన గోడలో పెద్ద పెద్ద కణాలు కనిపిస్తాయి. జబ్బుకు ఆ పేరు వాటివల్లే. అవి అందరిలోనూ కనిపించాలనేమీ లేదు. అలవాటున్న చేతులున్న చోట ఈ ముక్క పరీక్షకు (బయాప్సీకి) బదులు కణత ధమనికి అల్ట్రాసౌండ్ చేస్తారు. వాచిన గోడ ధమని చుట్టూ నల్లటి వలయంలా కనిపిస్తుంది. స్టెరాయిడు మొదలైన కొద్ది రోజుల్లోనే ఆ వలయం చెరిగిపోతుంది కాబట్టి అది త్వరగా చేయించాలి.

రిపోర్టు రాకముందే స్టెరాయిడు ఎక్కించేశారు. తొందరపడ్డారేమో?

అలా చేయడమే పద్ధతి. బయాప్సీ రిపోర్టుకు రోజులు పడుతుంది, రెండో కన్ను అన్ని రోజులు ఆగుతుందన్న హామీ లేదు. స్టెరాయిడు మొదలుపెట్టిన రెండు వారాల దాకా బయాప్సీలో జబ్బు ఆనవాళ్లు మామూలుగా దొరుకుతాయి. చివరికి జబ్బు కాదని తేలితే మూడు నాలుగు రోజుల మందు అనవసరంగా పడినట్టు అవుతుంది. ఆగి, జబ్బేనని తేలితే కన్ను పోతుంది.

బయాప్సీ నెగటివ్ అన్నారు, అయినా మందు ఆపలేదు. ఎందుకు?

వాపు ధమని పొడుగునా ఒకే తీరుగా ఉండదు. అక్కడక్కడ ఉండి మధ్యలో వదిలేస్తుంది. తీసిన ముక్క బాగున్న చోటిది కావచ్చు. లక్షణాలు, రక్తపరీక్ష, కంటి తీరు గట్టిగా జబ్బువైపే చూపుతుంటే నెగటివ్ రిపోర్టు ఒక్కదాన్ని నమ్మి మందు ఆపరు.

ఇది తెల్లవాళ్ల జబ్బు, మనకు రాదని నెట్‌లో ఉంది?

స్వీడన్, నార్వే లాంటి స్కాండినేవియా దేశాల్లో ఎక్కువన్నది నిజమే. అక్కడ 50 దాటిన లక్ష మందిలో ఏటా సుమారు 20 మందికి వస్తుంది. మన దగ్గర చాలా తక్కువ. తక్కువంటే లేదని కాదు. ముసలివాళ్లు పెరుగుతున్నకొద్దీ మనకూ కనిపిస్తోంది. నా అనుభవంలో "మనకు రాదులే" అన్న నమ్మకం వల్లే కొన్ని కళ్లు ఆలస్యంగా వచ్చాయి.

## మందులు నడుస్తున్నప్పుడు

పోయిన చూపు తిరిగి వస్తుందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు నేను కూర్చుని చెబుతాను. పూర్తిగా పోయిన చూపు తిరిగి రావడం చాలా అరుదు. కొద్దిమందికి అక్షరాల చార్టులో రెండు మూడు వరసలు మెరుగుపడుతుంది. మందు మొదలైన తొలి వారంలో చూపు ఇంకాస్త తగ్గేవాళ్లు కూడా కొందరుంటారు, అది మందు చేసిన తప్పు కాదు. మూడు రోజులు రోజుకు 500 నుంచి 1000 మి.గ్రా. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడు సెలైన్‌లో ఎక్కించేది బాగున్న రెండో కంటి కోసం. ఇది ముందే తెలిస్తే "ఇన్ని ఇంజెక్షన్లు వేసినా ఏమీ రాలేదు" అని మధ్యలో మానేయరు.

స్టెరాయిడు అంటే భయం. నాకు షుగరు కూడా ఉంది. తక్కువ మోతాదుతో మొదలుపెట్టకూడదా?

చూపు మీదికి వచ్చినప్పుడు తక్కువతో మొదలుపెట్టడం మంట మీద చెంబెడు నీళ్లు చల్లినట్టే. సెలైన్ తర్వాత మాత్రలు సాధారణంగా రోజుకు 60 మి.గ్రా. దాకా ఉంటాయి. షుగరును ఇన్సులిన్‌తో అదుపు చేయవచ్చు, పోయిన కంటిని తేలేం. పొద్దున టిఫిన్ తర్వాత వేసుకున్న స్టెరాయిడు మధ్యాహ్నం, సాయంత్రం షుగరు పెంచుతుంది. పరగడుపున చూస్తే మామూలుగానే ఉండవచ్చు. అందుకే మధ్యాహ్నం భోజనం తర్వాత, రాత్రి భోజనానికి ముందు చూసుకోండి. నిద్ర పట్టకపోవడం, చిరాకు, ముఖం గుండ్రంగా ఉబ్బడం వస్తాయి, మోతాదు తగ్గేకొద్దీ సర్దుకుంటాయి. ఎముకలకు కాల్షియం, విటమిన్ డి, చాలామందికి వారానికొకసారి ఎముకల మాత్ర రాస్తారు. ఆ మాత్ర పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటి రాస్తే, రోజుకొకటి మింగినవాళ్లను చూశాను. చీటీ మళ్లీ చదవండి.

రెండు రోజుల్లోనే తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఇంక మందు ఆపేయవచ్చా?

అంత తొందరగా తగ్గడం ఈ జబ్బు తీరే. నొప్పి పోయింది, ధమనిలో వాపు పోలేదు. మోతాదును రెండు మూడు నెలల్లో 15-20 మి.గ్రా.కి, ఏడాది తిరిగేసరికి 5 మి.గ్రా. లేదా అంతకంటే తక్కువకు తెస్తారు. మొత్తం ఏడాదిన్నర, రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇన్ని నెలలు బయటి నుంచి స్టెరాయిడు అందుతుంటే ఒంట్లో సహజంగా స్టెరాయిడు తయారుచేసే అడ్రినల్ గ్రంథులు తమ పని మానేస్తాయి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పెళ్లికో తిరుపతికో వెళుతూ మాత్రలు మర్చిపోకండి. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఆసుపత్రికి వెళ్లి, స్టెరాయిడు మీద ఉన్నామని మొదటే చెప్పండి.

స్టెరాయిడు తగ్గించడానికి కొత్త ఇంజెక్షన్ ఉందట. అది వేయించాలా?

టోసిలిజుమాబ్ గురించి అడుగుతున్నారు. ఈ జబ్బుకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో దాన్ని అనుమతించింది. 251 మందిపై జరిగిన ట్రయల్‌లో వారం వారం ఈ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 56 శాతం మంది ఏడాదికి స్టెరాయిడు లేకుండా నిలకడగా ఉన్నారు. ఆరు నెలల స్టెరాయిడు ఒక్కటే అందుకున్నవాళ్లలో ఆ సంఖ్య 14 శాతం. 2025లో ఉపాడసిటినిబ్ అనే మాత్రకు కూడా అనుమతి వచ్చింది. జబ్బు తిరగబెట్టేవాళ్లకు, షుగరు అదుపు తప్పేవాళ్లకు రుమటాలజిస్టు వీటిని ఆలోచిస్తారు. ఖరీదు ఎక్కువ. చాలామందికి మెథోట్రెక్సేట్‌తో నెట్టుకొస్తారు. అది వారానికి ఒక్క రోజు వేసుకునే మందు, రోజూ కాదు. ఆ తేడా ప్రాణాపాయమంత పెద్దది.

నాకు దగ్గు కూడా లేదు. టీబీ పరీక్ష ఎందుకు రాశారు?

మన దేశంలో చాలామంది ఒంట్లో టీబీ క్రిములు నిద్రపోతుంటాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు పడగానే అవి లేస్తాయి. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద మాంటూ పరీక్ష లేదా రక్తంలో ఇగ్రా, హెపటైటిస్ బి పరీక్ష అందుకే. వీటికోసం మొదటి స్టెరాయిడు మోతాదు ఆపరు, పక్కపక్కనే నడుస్తాయి.

పత్యం ఏమిటి? వంకాయ, గోంగూర తినొచ్చా? ఆకుపసరు వేయొచ్చా?

వంకాయ, గోంగూర నిరభ్యంతరంగా తినండి. తగ్గించాల్సినవి ఉప్పు, చక్కెర. అంటే ఊరగాయ, అప్పడం, స్వీట్లు. స్టెరాయిడుకు ఆకలి విపరీతంగా పుడుతుంది, రాత్రి పదింటికి జంతికల డబ్బా దగ్గర దొరికిపోయేవాళ్లే ఎక్కువ. కంట్లో పసర్లు, తేనె, చనుబాలు ఏవీ వద్దు. జబ్బు కంటి పైపొర మీద లేదు, అవి చేరేది అక్కడికే, పైగా పుండు పడితే ఉన్న కన్నూ పోతుంది.

## ఆ తర్వాత

తిరగబెట్టిందని ఎలా తెలుస్తుంది?

మోతాదు తగ్గిస్తున్నప్పుడు తిరగబెట్టడం మామూలే. మొదట ఏ లక్షణాలతో వచ్చిందో సాధారణంగా అవే తిరిగి వస్తాయి. మాడు నొప్పి, దవడ లాగడం, భుజాలు పట్టేయడం, లోజ్వరం. చూపులో ఏ తేడా వచ్చినా అదే రోజు ఆసుపత్రికి. టోసిలిజుమాబ్ మీద ఉన్నవాళ్లకు ఒక చిక్కుంది. ఆ మందు సీఆర్‌పీ, ఈఎస్ఆర్‌లను అణిచేస్తుంది, జబ్బు లోపల రాజుకుంటున్నా కాగితం మీద నార్మల్ అని వస్తుంది. రిపోర్టు బాగుందని మీ ఒంటి మాట పక్కనపెట్టకండి. కొందరికి ఏళ్ల తర్వాత గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని (బృహద్ధమని) ఉబ్బుతుంది కాబట్టి అప్పుడప్పుడు స్కానింగ్ రాస్తారు.

మా పిల్లలకు వస్తుందా?

అంటుకునేది కాదు, తరతరాలుగా నేరుగా దిగేదీ కాదు. భయంతో పిల్లలకు పరీక్షలు చేయించనక్కర్లేదు.

సదరం (వైకల్య) సర్టిఫికెట్ వస్తుందా?

ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను కళ్లజోడుతో బాగా కనిపిస్తుంటే కేంద్రం ఇచ్చిన కొలతల ప్రకారం వైకల్యం 30 శాతంగా లెక్కకొస్తుంది. పింఛనుకు, చాలా రాయితీలకు 40 శాతం కావాలి. కాబట్టి ఒక కన్నుతో తిరస్కరించారంటే అధికారి కక్షగట్టాడని కాదు, కొలతే అంత. అది న్యాయమా అంటే, ఒంటి కన్నుతో మగ్గం నేసేవాళ్ల ముందు నిలబడి న్యాయమని నేను అనలేను. రెండో కన్ను కూడా తగ్గితే శాతం మారుతుంది, అప్పుడు మళ్లీ దరఖాస్తు చేసుకోండి.

ఒక కన్నుతో ఇంట్లో ఎలా? గ్లాసులో పోయబోతే బయట పడుతోంది.

దూరం అంచనా వేయడానికి రెండు కళ్లూ కావాలి. కొన్ని నెలల్లో మెదడు కొత్త లెక్క నేర్చుకుంటుంది. అప్పటిదాకా మజ్జిగ పోసేటప్పుడు చెంబు అంచును గ్లాసు అంచుకు ఆనించి పోయండి. మెట్ల అంచులకు పసుపు రంగు పట్టీ వేయించండి, దిగేటప్పుడు రెయిలింగ్ వదలొద్దు. పోయిన కన్ను వైపు నుంచి మనుషులు వచ్చి తగులుతుంటారు, భోజనాల బంతిలో ఆ పక్క గోడ ఉండేలా కూర్చోబెట్టండి. బాగున్న కంటికి నంబరు లేకపోయినా పాలికార్బొనేట్ అద్దాల కళ్లజోడు పెట్టించండి, దెబ్బ తగలకుండా.

ఆ బాగున్న కంటికి శుక్లం వస్తోందంటున్నారు. ఉన్న ఒక్క కన్నుకు ఆపరేషన్ చేయించవచ్చా?

స్టెరాయిడు నెలల తరబడి వాడితే శుక్లం తొందరగా ముదురుతుంది, కంటి ఒత్తిడి కూడా పెరుగుతుంది. అందుకే మూడు నాలుగు నెలలకోసారి ఒత్తిడి కొలిపించుకోవాలి. ధమని జబ్బు సద్దుమణిగి, మోతాదు తగ్గాక ఆపరేషన్ చేయించవచ్చు, చాలామందికి బాగానే అవుతుంది. సర్జన్‌కు మూడు సంగతులు ముందే చెప్పండి: ఇది ఒకే ఒక్క కన్ను, రోజుకు ఇన్ని మిల్లీగ్రాముల స్టెరాయిడు నడుస్తోంది, రెండోది ఫలానా తేదీన ఈ జబ్బుతో పోయింది. ఆపరేషన్ రోజు పొద్దున స్టెరాయిడు మాత్ర మానేయకండి. పరగడుపున రమ్మన్నా ఆ ఒక్క మాత్ర సంగతి ముందు రోజే ఫోన్ చేసి అడగండి.